పద్దెనిమిది ప్రాసెసర్ల హరికృష్ణ

"నేను మార్సింది ఒకే ఒక్క లైనప్పా. అంతకు మించి నేనేమీ సేయలేదు" అన్నాడు హరికృష్ణ, టీ గ్లాసును రెండు చేతుల నడుమ తిప్పుకుంటా.

ఎమ్మిగనూరు బస్టాండు బయట, ఆదోని రోడ్డు మీద లక్ష్మక్క టీ అంగడి. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ రేకుల కింద దాకా వచ్చి బెంచీలో సగం తానే తీసుకుంది. తక్కిన సగం హరికృష్ణది. ముప్పై నాలుగేండ్ల మనిషి. బెంగళూరులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిదేండ్లు పని చేసి, రెండు నెలల కిందట భుజాన ల్యాప్‌టాప్ సంచీతో ఊరికి వచ్చినాడు. ఇంటి నుంచే పని అని అందరికీ చెప్పినాడు గాని, ఇంట్లో కంటే ఈ బెంచీ మీదనే ఎక్కువ దొరుకుతాడు. ఎదురుగా ఆటో నిలిపి, డ్రైవరు సీట్లోనే కాళ్ళు చాపుకోని యేసేపు వింటా ఉన్నాడు. బేరాలు లేని పూట హరికృష్ణ మాటలే ఆయప్పకు సినిమా.

సరిగ్గా అప్పుడే ఆదోని బస్సు దిగిన లక్ష్మన్న వచ్చి బెంచీ కొసన కూలబడినాడు.

లక్ష్మన్న నేతగాడు. అరవైకి దగ్గర పడినాడు. పద్నాలుగు మగ్గాల చిన్న సంఘాన్ని నడుపుతున్నాడు. ఆ పొద్దు ఆయన సంచీలో ఒక తువ్వాలు, తువ్వాలు లోపల అరచేతంత డబ్బా, దాని తీగలు, వేలెడంత పెన్‌డ్రైవు ఉన్నాయి. ఆయన తలలో మాత్రం మూడు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. పొద్దున ఆదోనిలో కంప్యూటర్ అంగడాయన చెప్పిన మాటలు. "దీని ప్రాసెసర్ వేరు. ఆర్కిటెక్చర్ వేరు. మీ ప్యాకేజీ దీంట్లో నడవదు."

బస్సులో దారి పొడుగునా ఆ మూడు మాటలనే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు లక్ష్మన్న. ఆర్కిటెక్చర్ అంటే ఇంటి ప్లాను గీసే ఇంజనీరుకు సంబంధించిన మాట. ప్యాకేజీ అంటే తిరుపతి బస్సు టిక్కెట్టు, దర్శనం, భోజనం కలిపి ఇచ్చేది. వీటికీ తన దుప్పట్లకూ ఏం సంబంధమో ఎంత తిప్పినా అంతు చిక్కలేదు.

సంగతేమంటే, సంఘానికి ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఆదోనిలో చదువు చెప్పే జయతీర్థ సారు పదేండ్ల కిందట రాసిచ్చిన ప్రోగ్రాం దాంట్లో ఉండేది. తెర మీద గళ్ళు నింపి పువ్వు గీస్తే, ఆ గళ్ళను బట్టి అట్టలకు బొక్కలు గుద్దుకోని, ఆ అట్టల దండను మగ్గం పైన జకార్డుకు కట్టేవాళ్ళు. బొక్క ఉన్న చోట పోగు లేస్తుంది, లేని చోట లేవదు. పువ్వు దానంతట అదే గుడ్డలోకి దిగుతుంది. పోయిన వారం ఆ కంప్యూటర్ పొగ వదిలి చచ్చింది. సారు కాలం చేసి రెండేండ్లయింది. దాని బదులు, చేనేత వాళ్ళకు సాయం చేసే ఒక సంస్థ ఈ చిన్న డబ్బా కంప్యూటర్‌ను ఇచ్చింది. డబ్బా మంచిదే. సారు ప్రోగ్రామే దాంట్లో లేవడం లేదు. హుబ్బళ్ళి వ్యాపారి ఒకాయన జొన్న కంకుల అంచు ఉన్న దుప్పట్లు కావాలన్నాడు. సోమవారానికి నమూనా చూపకుంటే మరమగ్గాల వాళ్ళకు ఇచ్చుకుంటానని ఫోన్లో తెగేసి చెప్పినాడు. ఇది శుక్రవారం. మగ్గాల దగ్గర అయ్యన్న, తక్కిన వాళ్ళు ఎదురు చూస్తున్నారు. వాళ్ళకు ఏం చెప్పాలో తెలీకనే లక్ష్మన్న ఇంటి దారి పట్టకుండా ఈడ కూర్చున్నాడు.

"ఒక్క లైను మార్సితే ఏమైందన్నా?" అని యేసేపు అడిగినాడు.

"అదే సెప్తాండా. మా కంపెనీలో ఒక ప్యాకేజీ ఉండె. అది రెండు రకాల ప్రాసెసర్ల మీద నడవాల. ఒకటి ఇంటెల్ రకం, ఇంగోటి ఆర్మ్ రకం. రెండిటి ఆర్కిటెక్చర్లు వేరు..."

లక్ష్మన్న గబుక్కున తల ఎత్తినాడు. మూడు మాటలూ ఒకే ఊపిరిలో వచ్చినాయి.

"...ఇంటెల్ మీద లేస్తే ఆర్మ్ మీద పండుకునె, ఆర్మ్ మీద లేస్తే ఇంటెల్ మీద పండుకునె. ఇరవై మంది ఇంజనీర్లు మూడు నెలలు తలలు పట్టుకున్నారు. నేను పోయి సూసినా. ఒక లైన్లో ఒక మాట ఎక్కువైంది. తీసేసినా. నడిసింది."

"అంతేనా?" అంది లక్ష్మక్క, పాలగిన్నెలో గరిటె తిప్పుతా.

ఆ ఒక్క మాట అనకుంటే ఆ పొద్దు కథ ఆడికే నిలిచిపోయేదేమో. హరికృష్ణ గ్లాసు కింద పెట్టినాడు.

"అంతేనా అంటావేందక్కా? రెండు రకాలని ఊరికే సెప్పినా, మీకు అర్థం గావల్లని. నిజానికి ఎనిమిది. ఇరవై మంది గాదు, రెండొందల మంది ఇంజనీర్లు. ఆ ఎనిమిదింట్లో ఒక ప్రాసెసర్ ఉండాది సూడు, అది అంకెను ఎనక నుంచి సదువుతాది."

"ఎనక నుంచా?" అన్నాడు లక్ష్మన్న.

"ఎనక నుంచే మామా. మనం సిన్న అంకె యాడ పెడతామో అది పెద్ద అంకె ఆడ పెడతాది. ఒకదాంట్లో రాసిన లెక్క ఇంగోదాంట్లో తలకిందులైతాది. రెండొందల మంది కండ్లకు అది కనపడలే. నాకు యాల కనపడిందో తెల్సా? నా సదువు ఆదోనిలో. ఆడ అంగళ్ళ బోర్డులు ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ. ఒకటి ఇటు నుంచి సదవాల, ఇంగోటి అటు నుంచి. సిన్నప్పట్నుంచి నా కండ్లకు రెండు పక్కలా అలవాటు. పోతానే పట్టేసినా."

"అట్లయితే పన్నెండు దుప్పట్లని రాస్తే అది ఇరవై ఒకటి అనుకుంటాదా?"

"దాదాపు అట్లే మామా."

లక్ష్మన్న మనసులోనే తల అడ్డంగా ఊపుకున్నాడు. అంకెను వెనక నుంచి చదివే మిషను ఎవడు తయారు చేస్తాడు? ఇది మాత్రం పచ్చి అబద్ధం. అయినా ఈ పిల్లోనికి ఆ మూడు మాటలూ తెలుసు. ఆదోని అంగడాయన కంటే ఎక్కువే తెలిసినట్లుంది. ఏది నమ్మాలో, ఏది వదిలెయ్యాలో తెలీక లక్ష్మన్న టీ చెప్పినాడు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా?" హరికృష్ణ కాళ్ళు రెండూ బెంచీ మీదికి తీసుకోని బాసింపట్టు వేసుకున్నాడు. "మా పెద్ద మేనేజరు నన్ను పిలిసి, హరీ, మొత్తం లోకంలో ఎన్ని రకాల ప్రాసెసర్లు ఉండాయో అన్నిటికీ ఈ ప్యాకేజీ కట్టాల, నువ్వు తప్ప దిక్కు లేదన్నాడు. లెక్క తీస్తే పద్దెనిమిది. ఫోన్లోది ఒక రకం, ఓడలోది ఒక రకం, బ్యాంకులోది ఒక రకం, ఎవరూ పుట్టకముందు సేసినవి ఒక రకం. అన్నీ నా టేబుల్ కాడికి తెప్పిస్తే అంతస్తు సాలదు. ఈడ కూర్చోని ఆడిదానికి కట్టేసినా. దాన్ని మేము క్రాస్ కంపైల్ అంటాం."

"ఏ క్రాస్ అన్నా? మంత్రాలయం క్రాసా, కోడుమూరు క్రాసా?" అన్నాడు యేసేపు.

"ఆ క్రాస్ గాదు యేసేపు. ఇది వేరే."

"కట్టినా కట్టినా అంటాండావు, ఏం కట్టేది?" లక్ష్మన్నకు ఆగలేదు. "ఇల్లా?"

"మేస్త్రీ పనే మామా. ఇటికెలు ఉండవంతే. మనుషులు రాసిన ప్రోగ్రాంను మిషను మింగే మాదిరి కట్టాల. ఆ పద్దెనిమిదింట్లో అన్నిటికంటే మొండిది రిస్క్ ఫైవ్."

"ఐదు రిస్కులు యాల పెట్టుకుంటివి నాయనా, ఒంటరోనివి" అంది లక్ష్మక్క.

"రిస్క్ ఫైవ్ దాని పేరక్కా! సరే విను. పద్దెనిమిదీ ఒకేసారి కట్టడం మొదలు పెట్టినా. పదకొండు దినాలు ఆగకుండా కట్టినాయి మిషన్లు. కాగినాయి సూడు, ఏసీలు సేతులెత్తేసినాయి. నాలుగో అంతస్తు నేలంతా పెనమైంది. సెప్పులు ఇడిసినోళ్ళు సెప్పులు ఏసుకోని పరిగెత్తినారు. క్యాంటీనాయన తెలివిగల్లోడు, పొయ్యి ఆర్పేసి, బాణలి తెచ్చి నా సర్వరు మీద పెట్టినాడు. రెండొందల మందికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నా బిల్డు వేడి మీదనే."

"నూనె యాడ పోసినాడు?"

"బాణల్లోనే అక్కా. సర్వర్లో యాల పోస్తాడు?"

లక్ష్మక్క సమాధానపడినట్లు తల ఊపింది. లక్ష్మన్న వేళ్ళ మీద లెక్క వేసుకుంటా ఉన్నాడు. పద్దెనిమిది రకాలంటే తన డబ్బా దాంట్లో ఏదో ఒకటి అయ్యే ఉండాలి. నోరు తెరవబోయినాడు గాని హరికృష్ణ అప్పటికే భూమి వదిలి పెట్టినాడు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? పైన ఒక ఉపగ్రహం. ఎప్పుడో పంపింది. దాని ప్రాసెసర్ సేసినోళ్ళు గూడ ఇప్పుడు లేరు. దానికి కొత్త ప్యాకేజీ ఎక్కించేవాడు యాడా దొరకలే. ఎవరో నా పేరు సెప్పినారు. ఒక పూటలో కట్టి పంపినా. అది ఎగురుతా ఎగురుతానే మింగేసింది. ఇంగ దాని ఇశ్వాసం సూడు, ఇప్పటికీ ఎమ్మిగనూరు మీదికి వస్తానే అర నిమిషం నిలబడి పోతాది."

యేసేపు ఆటోలోంచి తల బయటికి పెట్టి పైకి చూసినాడు. "ఎన్ని గంటలకన్నా?"

"నాలుగున్నరకు."

యేసేపు ఫోన్లో టైము చూసుకున్నాడు.

"దాని తర్వాత నాకు ప్రాసెసర్ ఏదైనా ఒకటే అయిపాయె. మద్దికెరలో మా సిన్నాయన ఎద్దు ఉండాది. గవర్మెంటోళ్ళు సెవికి పసుపుపచ్చ బిళ్ళ ఏసినారు గదా? ఆ బిళ్ళలో సిప్పు ఉంటాది. పండగకు పోయినోణ్ణి ఊరికే ఉండలేక దానికి గూడ ఒకటి కట్టి ఎక్కించినా. ఇది పద్దెనిమిది లెక్కలో రాదు, ఇంట్లో వాళ్ళ కోసం సేసింది. ఇప్పుడు ఆ ఎద్దు తానే సేనికి పోతాది, తానే గట్టు కాడ తిరుక్కుంటాది, సాలు ఇంత వంకర పోదు. సిన్నాయన గొడుగేసుకోని కూర్చోవడమే. ఒకటే ఇబ్బంది. శనివారం పొద్దున అప్‌డేట్ అయ్యేదాకా లేయదు."

"గడ్డి ఏసినా?" అంది లక్ష్మక్క.

"గడ్డి తింటాది. లేయదు."

లక్ష్మన్న గ్లాసు పక్కన పెట్టినాడు. ఆయనకు ఉపగ్రహం సంగతి తెలీదు, బజ్జీల సంగతి తెలీదు. ఎద్దు సంగతి తెలుసు. చెవికి బిళ్ళ వేసిన ఎద్దులను కళ్ళారా చూసినాడు. బిళ్ళ వేసేది ఎందుకో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇదేనేమో మరి. గుండెలో ఏదో చిన్నగా వెలిగింది.

"హరీ, ఎద్దు బిళ్ళకు గూడ ఎక్కిందా నీ ప్యాకేజీ?"

"ఎక్కింది మామా. ఎద్దునే అడుగు."

"అయితే దీనికి గూడ ఎక్కించప్పా" అని తువ్వాలు విప్పి డబ్బాను బెంచీ మీద పెట్టినాడు. పాత కంప్యూటర్ చావడం, సారు ప్రోగ్రాం, జొన్న కంకులు, సోమవారం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసినాడు. "పాతదాని డిస్కులో ఉన్నవన్నీ, మేము గీసి పెట్టిన జొన్న కంకులతో సహా, ఆదోని అంగడాయన ఈ పెన్‌డ్రైవులో ఏసిచ్చినాడు. పద్నాలుగు మగ్గాలప్పా. నీకు పున్యముంటాది."

హరికృష్ణ డబ్బాను చేతిలోకి తీసుకోని తిరగేసి చూసినాడు. అడుగున అంటించిన చీటీ చదివినాడు. లక్ష్మక్క, యేసేపు చూస్తా ఉన్నారు.

"ఆర్మ్ డబ్బా" అన్నాడు. "ఇదెంతలోది మామా. పది నిమిషాలు."

లక్ష్మక్క అంగట్లో గోడకు టీవీ ఉంది. ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా సీరియల్ ఆపి, డబ్బా తీగను టీవీకి తగిలించినాడు. డబ్బాకు తన సంచీలోని చిన్న కీబోర్డు పెట్టినాడు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, పెన్‌డ్రైవు దాంట్లో గుచ్చి టకటక కొట్టినాడు. ఏదో వెతికినాడు, ఏదో దొరికింది. ఒక మీట నొక్కితే ల్యాప్‌టాప్ తెర మీద అక్షరాలు జలజలా కిందికి పడినాయి. లక్ష్మన్నకు కడుపులో చల్లగా అయింది. ఇన్ని అక్షరాలు పడుతుంటే పని జరగకుండా యాడికి పోతుంది?

"అయిపాయె" అని హరికృష్ణ పెన్‌డ్రైవు తీసి డబ్బాలో పెట్టి, చిన్న కీబోర్డు మీద ఒక లైను కొట్టి, చివర్న మీటను గట్టిగా నొక్కినాడు.

టీవీ నల్లగా ఉంది. దాని మీద తెల్లటి అక్షరాలతో ఒక వరస వచ్చి నిలబడింది. అంతే. ఇంకేమీ రాలేదు.

"వచ్చిందా?" అన్నాడు యేసేపు.

"ఆఁ. వస్తాంది" అన్నాడు హరికృష్ణ. "అంటే, లోపల సర్దుకుంటాంది. ఆ లైనుకు అర్థం అదే. కొత్త డబ్బాలు మొదట్లో ఇట్లే మారాం సేస్తాయి. ఉపగ్రహం గూడ ఇట్లే సేసింది. రెండు దినాలు దాన్ని కదిలించకుండా పెట్టు మామా, తానే..."

లక్ష్మన్న లేచి టీవీ కిందికి పోయినాడు. మెడ పైకెత్తి చాలాసేపు చూసినాడు.

"నాకు ఇంగ్లీషు రాదప్పా" అన్నాడు మెల్లగా. "ఏం రాసిందో నాకు తెలీదు. డిజైను మాత్రం గుర్తుంటాది. ఆ లైను చివర సూడు. ఒకే అచ్చరం రెండు పక్కపక్కన, దాని తర్వాత సున్న, మల్ల అదే అచ్చరం. జంట, సున్న, ఒంటి. పొద్దున ఆదోనిలో అంగడాయన పెట్టినప్పుడు గూడ ఇదే లైను, ఇదే చివర. ఆయన దీన్ని సూసి, ఇది నడవదు, నాకు చేతగాదు పెద్దాయనా, అని తీసిచ్చేసినాడు. నువ్వు సర్దుకుంటాందంటావు. ఇద్దర్లో ఎవరు సెప్పింది నిజం?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలీక అడిగినాడు. అదే హరికృష్ణకు తగిలింది. లక్ష్మక్క పాలు పొంగుతున్నా చూసుకోలేదు. యేసేపు నవ్వబోయి, లక్ష్మన్న మొహం చూసి ఆపుకున్నాడు.

"ఆయన సెప్పిందే నిజం మామా. ఆ చివరి మాట ఎర్రర్, తప్పని అర్థం" అన్నాడు హరికృష్ణ.

"మరి పద్దెనిమిది..."

"కంపెనీ కట్టింది. నేను గాదు." కీబోర్డు మీద చేతులు తీసి తొడల మీద పెట్టుకున్నాడు. "కట్టేవాళ్ళు వేరే. నేను కట్టడం అయినాక సూసేవాణ్ణి. పచ్చ గుర్తు వస్తే సరే. ఎర్ర గుర్తు వస్తే యాడ పడిందో సదివి వాళ్ళకు రాసి, మల్ల నొక్కేవాణ్ణి. ఎనిమిదేండ్లు అదే పని. ఇప్పుడు మల్ల నొక్కేది గూడ మిషనే నొక్కుకుంటాది, మనిషి అక్కరలేదన్నారు. రెండు నెలలైంది."

"ఇంట్లో తెల్సా?" అంది లక్ష్మక్క.

"ఇంగా సెప్పలేదు."

లక్ష్మన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. కోపం రావాల్సింది, రాలేదు. తికమకే మిగిలింది. అడిగినాడు. "ఇందాక ఏదో జలజలా పడింది గదా నీ ల్యాప్‌టాప్ మీద. అదేంది మరి?"

"సారు రాసిన ప్రోగ్రాం మొత్తం మీ పెన్‌డ్రైవులో ఉండాది మామా. ఆయన రాసింది రాసినట్లు. దాన్ని కట్టినా. కట్టడం నిజంగానే అయింది. అయితే నాది ఇంటెల్ ల్యాప్‌టాప్. దాని మీద కడితే దానికి సరిపోయేట్లు వచ్చింది. నా దాంట్లో బాగా నడుస్తాది. నీ దాంట్లో నడవదు. ఈడ కూర్చోని ఆ రకానికి కట్టేది ఉండాది, దానికి శానా అమర్సుకోవాల. అది నాకు సరిగా రాదు."

లక్ష్మన్న కళ్ళు చిన్నవి చేసుకున్నాడు. మూడు మాటలు పోయి, ఇప్పుడు ఏదో ఆకారం కనపడుతున్నట్లుంది.

"ఉండప్పా. సారు రాసింది గ్రాఫు కాగితం లాంటిది. అవునా?"

"అ... అవును మామా. అట్లాంటిదే."

"నువ్వు కట్టడం అనేది అట్టలు కొట్టడం."

"అవును."

"నీ ల్యాప్‌టాప్ నూటిరవై కొక్కేల జకార్డు. నా డబ్బా రెండొందల నలబై. నూటిరవైకి కొట్టిన అట్టలు తెచ్చి రెండొందల నలబైకి కడితే పోగు లేయదు. పువ్వు తప్పని గాదు, గ్రాఫు తప్పని గాదు. అట్టలు దానివి గావు, అంతే."

"అంతే మామా" అన్నాడు హరికృష్ణ, నోరు కొంచెం తెరుచుకోని.

"మరి నీ దాని మీద కూర్చోని కడితే నీ దానికి సరిపోయేట్లు వచ్చిందంటివి. దీని మీదనే కూర్చోని కడితే?"

హరికృష్ణ డబ్బా వైపు చూసినాడు. టీవీ వైపు చూసినాడు. మళ్ళీ డబ్బా వైపు చూసినాడు.

"దీనికి సరిపోతాది" అన్నాడు.

"సరిపోతాదా?"

"సరిపోతాది మామా. నిదానంగా కడతాది గాని, సరిపోతాది."

"ఓరి నాయనా!" లక్ష్మన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓడలు, బ్యాంకులు, ఆకాశం, మద్దికెర అన్నీ తిప్పితివి గదప్పా గంట సేపు! ఈ ముక్క నేను అడిగేదాకా యాల తోచలేదు?"

యేసేపు ఇక ఆపుకోలేదు. ఆటో ఊగేట్లు నవ్వినాడు. లక్ష్మక్క గరిటె పట్టుకోనే నవ్వింది. హరికృష్ణ చెవులు ఎర్రబడినాయి. చిన్న కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు.

డబ్బా నిదానంగానే కట్టింది. తెల్లటి అక్షరాలు ఒక వరస, ఆగి ఇంకో వరస. పావుగంటకు నిలిచిపోయింది. చివర్న మళ్ళీ జంట, సున్న, ఒంటి. హరికృష్ణ ఈసారి సర్దుకుంటాందని అనలేదు. ముందుకు వంగి, ఆ వరసల్ని కింది నుంచి పైకి ఒక్కొక్కటే చదువుకుంటా పోయినాడు. ఎనిమిదేండ్లు చేసిన పని అదే గదా. "ఒక లైబ్రరీ తక్కువైంది" అన్నాడు.

"ఇంత పొద్దులో తెరిసుంటారా అన్నా?" అన్నాడు యేసేపు.

"ఇది ప్రోగ్రాంకు కావల్సిన సామాన్ల లైబ్రరీ. ఫోన్లోంచి తెప్పిస్తాలే." ఫోను నుంచి నెట్టు ఇచ్చి, తక్కువైంది దించుకోని, మళ్ళీ నొక్కినాడు. ఇంకోసారి నిలిచింది. ఇంకోసారి చదివినాడు. సారు పదేండ్ల కిందట రాసిన ఒక మాట ఇప్పటి డబ్బాకు పాతబడిపోయింది, దాన్ని దిద్దినాడు. మధ్యలో లక్ష్మక్క అడక్కుండానే టీ పెట్టింది. అది చల్లారిపోయినా తాగలేదు.

"హరీ, ఒకటి అడగనా?" అన్నాడు లక్ష్మన్న. "అంకెలు ఎనక నుంచి సదివే ప్రాసెసర్. అది గూడ అబద్ధమే గదా?"

"అదొక్కటే నిజం మామా. నిజంగానే ఉండాయి అట్లాంటివి. ఒకసారి దాని తప్పు పట్టింది గూడ నేనే."

"ఎద్దు సంగతి నమ్మినా నేను" అన్నాడు లక్ష్మన్న. "ఇది నమ్మలేదు."

ఐదు కావస్తుండగా అక్షరాలు ఆగినాయి. ఈసారి చివర ఆ జంట లేదు. హరికృష్ణ ఒక మాట కొట్టినాడు. నల్లటి టీవీ తెల్లబడింది. తెల్లటి తెర మీద గళ్ళు పరుచుకున్నాయి. అంగడి బయట నిలబడి టీ తాగేవాళ్ళు గూడ లోపలికి తొంగి చూసినారు. గళ్ళ నడుమ పసుపుపచ్చగా ఒక కంకి, దాని పక్కన ఇంకో కంకి, వంగిన ఆకు, మళ్ళీ కంకి. అంచు పొడుగునా జొన్న చేను లేచి నిలబడింది.

లక్ష్మన్న దగ్గరికి పోయి తెర మీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టినాడు. ఒక వరస, రెండో వరస. ఒక్క గడి గూడ తప్పలేదు. కళ్ళు తుడుచుకోడానికి తువ్వాలు కోసం వెతుక్కున్నాడు. అది బెంచీ మీద ఉంది. యేసేపు అందించినాడు.

ఫోను మోగింది. మగ్గాల దగ్గర నుంచి అయ్యన్న. లక్ష్మన్నకు చెవులు కొంచెం మందం, అందుకని ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతాడు. అయ్యన్న గొంతు అంగడంతా వినపడింది.

"ఏమైందన్నా? పొద్దుననగా పోయినావు."

"అయింది. డబ్బాలో లేసింది. వస్తాండా. రేపు పొద్దున్నే అట్టలు గుద్దేదానికి అందర్నీ రమ్మను."

"ఆదోని అంగడాయన సేసినాడా?"

"లేదు. ఈడనే, మన హరికృష్ణ."

"ఆ కోతలోడా?"

లక్ష్మన్న తల తిప్పి చూసినాడు. హరికృష్ణ తీగలు చుడతా, తల వంచుకోని ఉన్నాడు.

"కోతలోడే" అన్నాడు లక్ష్మన్న. "సేతులు మాత్రం మంచివి."

ఆ మాటకు హరికృష్ణ ఏమీ కలపలేదు.